పందొమ్మిదో గడి

రుక్కమ్మ పెద్దమ్మ కప్పుకున్న లుంగీకి పొడుగునా పందొమ్మిది గళ్లున్నాయి. వేలూరు ఆసుపత్రిలో ఎముకల వార్డులో ఆమె మంచం పక్కన ఇనుప స్టూలు మీద కూర్చుని, వేరే పని లేక లెక్కపెట్టాను. బాత్రూంలో జారిపడి తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయింది. ఆమె కోడలు ఇంటికి వెళ్లి వంట చేసుకొచ్చేదాకా నేను కాపలా. ఆసుపత్రి వాళ్లిచ్చిన దుప్పటిని కాళ్ల దగ్గరికి తోసేసి, గుడియాత్తం నుంచి తెప్పించుకున్న ఈ పాత లుంగీని గుండెల దాకా లాక్కుని నిద్రపోతోంది. కుట్టు విప్పేసి పరిచిన గుడ్డ. ఒకప్పుడు నీలమూ ఎరుపూ. ఇప్పుడు నీలం బూడిదరంగుకి, ఎరుపు ఇటుకరంగుకి దిగిపోయాయి. అయినా గడికీ గడికీ మధ్య గీత చెదరలేదు. నాకు లెక్కపెట్టడం అలవాటు. గోడ ఎదురుగా ఉంటే ఇటుకలు, మెట్లెక్కితే మెట్లు. నా బతుకుదెరువు కూడా అదే. ఈ చుట్టుపక్కల ఇళ్లు కట్టే మేస్త్రీలకు గది కొలతలు చూసి ఎన్ని ఇటుకలు పడతాయో, ఎన్ని మూటల సిమెంటు కావాలో, నేలకు ఎన్ని టైల్సు సరిపోతాయో చెబుతాను. ఎవరి దగ్గరా చదువుకున్న విద్య కాదిది. నడుస్తూ, చూస్తూ, తప్పులు చేసి సరిచేసుకుంటూ వచ్చింది.

గుడియాత్తం లుంగీకి ఉండాల్సినవి పద్దెనిమిది గళ్లు. పందొమ్మిది ఉన్నాయంటే అది మా నాయన నేసినది. ఇంకెవరూ అలా నెయ్యలేదు.

ఆ మధ్యాహ్నమే మా శరణార్థుల క్యాంపు కుర్రవాడొకడు ఫోన్ చేశాడు. వచ్చే వారం సభ పెడుతున్నారట. అధికారులు వస్తారట, ఈ దేశానికి కృతజ్ఞత చెబుతూ పెద్దవాళ్లెవరైనా నాలుగు మాటలు మాట్లాడాలట. "మీరైతే బాగుంటాదక్కా. చిన్నపిల్లగా వచ్చినారు, ఇక్కడే పెరిగినారు. అన్నీ తెలుసు మీకు" అన్నాడు. చూస్తానులే అన్నాను. నిజానికి నాకు అలుపొచ్చింది. అడిగిన ప్రతిసారీ చెప్పాను. చెప్పింది ప్రతిసారీ నిజమే. ఈ నేల మమ్మల్ని తరిమెయ్యలేదు. బియ్యం ఇచ్చింది, బడిలో కూర్చోబెట్టింది, జ్వరమొస్తే మందిచ్చింది. వాటిలో ఒక్కటి కూడా నేను మరవలేదు. కానీ ఒకే మాటను ఇన్నేళ్లు నిలబడి చెబుతూ ఉంటే, చెప్పే నోటికీ వినే చెవికీ మధ్య ఎక్కడో అది పలచబడిపోతుంది. మా నాయనకు మాత్రం అది ఎప్పుడూ పలచబడలేదు. ఆయన దాన్ని నోటితో చెప్పలేదు, మగ్గం మీద నేశాడు.

మా తాత అణైకట్ పక్క పల్లె నుంచి లంకలో తేయాకు తోటలకు కూలికి వెళ్లినవాడు. నాయన అక్కడే పుట్టాడు, నేనూ అక్కడే పుట్టాను. తోట కూలీల లైన్ ఇళ్లల్లో చుట్టూ తమిళమే అయినా మా గుమ్మం లోపల తెలుగే. రాయడం చదవడం ఎవరికీ రాదు. ఆ లైన్ ఇళ్లు గొడవల్లో కాలిపోయిన తర్వాత పడవెక్కి ఇటు వచ్చాం. దాని గురించి నాకు గుర్తున్నది చాలా కొద్ది. ఉప్పు నీళ్లతో తడిసి బిగుసుకుపోయిన నా గౌను, అమ్మ ఒళ్లో పెట్టుకున్న కుంకుమ భరిణె. అంతే. క్యాంపులో చేర్చిన కొన్నాళ్లకు నాయన మమ్మల్ని అణైకట్ వైపు తీసుకెళ్లాడు, తాత ఊరు చూపిస్తానని. ఊళ్లో ఒక ముసలాయన అరుగు మీద కూర్చుని తాత పేరు, ముత్తాత పేరు, ఇంటి గుర్తులు అన్నీ ఓపికగా విన్నాడు. విని, "మంచోళ్ల మాదిరే ఉండారు. కాని మాకు తెలీదప్పా" అన్నాడు. మజ్జిగ ఇచ్చి పంపాడు. తిరుగు బస్సులో నాయన కిటికీ వైపే చూస్తూ కూర్చున్నాడు. తర్వాత ఎప్పుడూ మాది ఈ ఊరేనని అనలేదు. "మనం వచ్చినోళ్లం" అనేవాడు. ఆ మాట నుంచే మా ఇంటి నియమాలన్నీ పుట్టాయి.

వీధి కుళాయి దగ్గర ఊరివాళ్లందరి బిందెలూ నిండాకే మా బిందె పెట్టాలి. అంగట్లో బేరం ఆడకూడదు. కూరగాయల్లో పుచ్చు వస్తే ఇంట్లోనే కోసి పారేయాలి, తిరిగి తీసుకెళ్లకూడదు. పెద్దవాళ్లెవరు గుమ్మం ముందు నుంచి పోయినా లేచి నిలబడాలి. అధికారులు వచ్చి క్యాంపులో తలల లెక్క తీసే రోజున నాయన తెల్లవారకముందే లేచి చొక్కా ఉతికి ఆరేసేవాడు. సగం తడిచొక్కాతోనే వరసలో మొదట నిలబడేవాడు. అమ్మకు ఇదంతా చిరాకు. పాలు లేని టీ కాచి, పంచదార కలపకుండా తలా ఒక బెల్లం ముక్క చేతికిచ్చేది. ఒక గుక్క టీ, ఒక కొరుకు బెల్లం, తోటల్లో అలవాటది. అలా కొరుకుతూనే, "నీళ్లకాడ కడాకు, తలల లెక్కలో ముందుకు. ఈయన కణక్కు నాకు అర్థమే కాదు" అనేది. కణక్కంటే తమిళంలో లెక్క. నాయన నవ్వేవాడు కాదు. "ఇచ్చినోళ్లకు మనం బరువు కాకూడదు" అనేవాడు. కట్టెల పొగ, కొబ్బరి పాలలో ఉడికే పరంగి గుమ్మడికాయ వాసన, రేకుల కప్పు మీద ఎండ చిటపట. మా ఇల్లంటే నాకు ఇప్పటికీ అదే.

గుడియాత్తంలో రుక్కమ్మ పెద్దమ్మ భర్త మునిరత్నం పెదనాయనకు ఆరు మగ్గాలు. ఎండిన ఏటి ఇసుకలో అడ్డంపడి నడిస్తే క్యాంపు నుంచి వాళ్ల వీధి. వాళ్లూ తెలుగువాళ్లే, తరాలుగా నేతపని. నాయన మొదట్లో ఆ ఇంటికి నూలు మూటలు దించే పనికి వెళ్లాడు. మూట దించి పక్కన నిలబడి మగ్గం కేసి చూస్తూ ఉండిపోయేవాడట. పెదనాయన ఒకరోజు, "చూసింది చాలు, గుంటలో దిగు" అన్నాడు. పాదాలు ఆడించడానికి నేలలో తవ్విన గుంటలో కాళ్లు పెట్టి కూర్చుని నేసే మగ్గాలవి. తేయాకు కోసిన చేతులు గనుక వేళ్లు చురుకే. త్వరలోనే నాయనకు ఒక మగ్గం ఇచ్చారు, వసారాలో వీధి వైపుది. నాకు కండెలు చుట్టే పని ఇచ్చారు, బడి వదిలాక. "మొదలాళీ అని పిలవద్దప్పా, అన్నా అను" అని పెదనాయన ఎన్నిసార్లు చెప్పినా నాయన యజమాని అన్న అర్థంలో మొదలాళీ అనే అన్నాడు. మాకు మాత్రం, "మీరు పెదనాయనా, పెద్దమ్మా అనండి. వాళ్లు అడిగినారు గదా" అన్నాడు.

ఆ ఇంటి వాసన గంజి వాసన. పావు గంజి. పావంటే పడుగు, నిలువు పోగుల పొడవాటి వరస. తెల్లవారుజామున దాన్ని వీధి పొడుగునా కర్రల మీద సాగదీసి కట్టి, బియ్యపు గంజి పూసి, పెద్ద కుంచెలతో దువ్వేవాళ్లు. ఎండ ముదరకముందే ఆరాలి, పోగులు అతుక్కోకూడదు. ఒక ఇంటి పావుకు వీధంతా చెయ్యి వేసేది. రేపు ఇంకొకరిది. పిల్లలం కూడా అటూ ఇటూ నిలబడి, తెగిన పోగు కనిపిస్తే కేకేసేవాళ్లం. పెదనాయన పూచికపుల్లలా ఉండేవాడు. కుంచె పట్టుకుని పావు వెంట పరిగెడుతుంటే లుంగీకే ఆయన్ని తగిలించినట్టుండేది. పెద్దమ్మ ఆయనకు రెండింతలు. నేసిన గుడ్డంతా ఆమె చేతి మీదుగా పోవాలి. గడప పక్కన గోడకు ఆనుకుని కూర్చుని, లుంగీని చూడకుండానే మడత పెట్టేది. మాట్లాడుతూ, వక్క నములుతూ, వేళ్లతోనే పోగు వదులో బిగువో చెప్పేది. వాళ్లింట్లో చిత్తూరు నుంచి తెచ్చిన తెలుగు కేలండర్ ఒకటి వేలాడేది. దాని మీద అంకెల కింద ఉన్న అక్షరాలూ, గుడియాత్తం బస్టాండులో చిత్తూరు బస్సుల బోర్డులూ కలిపి చూసుకుని నేను తెలుగు చదవడం నేర్చుకున్నాను. ఈ రాస్తున్నది ఆ అక్షరాలతోనే.

మగ్గాల లెక్క కూడా అక్కడే పట్టుబడింది. పావు పొడవు ఇరవై లుంగీలకు సరిపడా ఉంటుంది. అందులో ఒక లుంగీ పొడవు మగ్గానికే పోతుంది. మొదట్లో కట్టుకోవడానికి కొంత, చివర్లో అడ్డపోగు వేసే నాడె అందని చోట కొంత. పోగా నేతకు దక్కేవి పందొమ్మిది. లుంగీకి అర జాన వెడల్పు గళ్లు పద్దెనిమిది. పద్దెనిమిదో గడి ముగియగానే గుర్తుగా నాలుగు తెల్ల పోగులు వేసి, తర్వాతి లుంగీ మొదలుపెడతారు. ఇది ఆ వీధిలో పిల్లలకు కూడా తెలిసిన సంగతి. పిల్లలకు తెలిసిన సంగతే గనుక, మా నాయన పావు దిగిన ప్రతిసారీ లుంగీలు పద్దెనిమిదే ఉంటున్నాయని నాకూ తెలిసింది. మిగతా అయిదు మగ్గాల మీదా పందొమ్మిది. మా మగ్గం మీద పద్దెనిమిది.

భయమేసింది. ఒకరోజు నాయన నీళ్లు తాగడానికి లేచినప్పుడు, మగ్గం మీద అప్పుడే ముగిసిన లుంగీని తెల్ల గుర్తు నుంచి తెల్ల గుర్తు దాకా లెక్కపెట్టాను. పందొమ్మిది గళ్లు. ముందుదీ పందొమ్మిది. నాయన తిరిగొచ్చి నా వేలు గుడ్డ మీద ఉండటం చూశాడు. "అదా" అన్నాడు, కొంచెం సిగ్గుపడుతూ. "ఒక గడి ఎక్కువేస్తాను పుష్పా. మొదలాళి మనకు మగ్గమిచ్చినాడు, నీడనిచ్చినాడు. మనకాడ తిరిగి ఇచ్చేదానికి ఏముండాది? చేతిలో పనే గదా. కట్టుకునేవాడికి ఒక మడత నిండుగా వస్తాది. మొదలాళికి మంచి పేరొస్తాది." నాయన తోటల్లో ఆకు కోసి తూకానికి ఇచ్చిన మనిషి. అక్కడ బుట్టలో ఇంకో గుప్పెడు వేస్తే అది మనం ఇచ్చినట్టే. పావు ముందే కొలిచిన పొడవనీ, ఒకచోట ఎక్కువేస్తే ఇంకోచోట తగ్గుతుందనీ ఆయనకు తోచలేదు. ఒక్కో లుంగీకి తనే ఇస్తున్నాననుకున్నాడు.

నాకు ఎక్కాలంటే ఇష్టం. ఆ సాయంత్రం కండెలు చుడుతూ మనసులో వేసి చూశాను. పందొమ్మిది లుంగీలు, పద్దెనిమిదేసి గళ్లు. పద్దెనిమిది లుంగీలు, పందొమ్మిదేసి గళ్లు. రెండూ మూడువందల నలభై రెండే. ఎంత ముద్దుగా తిరగబడిందో ఆ లెక్క. అంత అందమైన లెక్క నేను అప్పటిదాకా చూడలేదు, దానంత భయపెట్టినదీ లేదు. నాయన ఎవరికైతే ఇస్తున్నాననుకుంటున్నాడో, ఆయన సొత్తే పావుకొక లుంగీ చొప్పున తీసి, ముక్కలు చేసి, ఆయనకే ఇస్తున్నాడు. ఈ సంగతి నాయనకు తెలిస్తే ఆయన ఇంక ఆ గడప తొక్కడు. ఆ మనిషిని నాకు తెలుసు. మగ్గం పోతుంది, అంతకంటే ముందు ఆయన తల వంగిపోతుంది.

అమ్మకు చెప్పలేదు. పెద్దమ్మ ఒక్కతే మడతలు పెడుతున్న వేళ చూసి ఆమె దగ్గర చేరాను. చెప్పడం మొదలుపెట్టీపెట్టక ముందే ఆమె చెయ్యి ఆగింది.

"ఆ గడి సంగతేనా?" అంది.

"మీకు తెలుసా పెద్దమ్మా?"

"మొదటి లుంగీ చేతికొచ్చినప్పుడే తెలుసు. ఒక గడి ఎక్కువై మడత వేలి మీద నిలవలా. నేనేమన్నా గుడ్డిదాన్నా?" వక్క ఆ బుగ్గ నుంచి ఈ బుగ్గకు మార్చింది. "మీ పెదనాయనతో అన్నాను. చెప్పేద్దాం, పాపం తెలీక చేస్తాండాడు అన్నాను. ఆయన వద్దన్నాడు. ఆ మనిషి ఇయ్యాలని వచ్చినాడు, చెయ్యి పట్టుకొని వద్దంటే ఇంక వానికేం మిగలతాది అన్నాడు."

"అయితే మీకు తక్కువ వస్తాంది గదా?"

"వస్తాంది. రానీ, ఆ ఒక లుంగీ తగ్గితే మేమేమన్నా పస్తు పడుకుంటామా? పో, కండెలు చుట్టుకో. నోరు మాత్రం కుట్టుకో."

కుట్టుకున్నాను. కానీ లెక్క తెలిసిన వీధి అది. పక్క మగ్గం దొరసామి మంచి నేతగాడు, నోరే మంచిది కాదు. తన మగ్గం మీద పందొమ్మిది దిగుతుంటే పక్కన పద్దెనిమిది దిగడం అతను చూడకుండా ఎలా ఉంటాడు? మొదట్లో నవ్వుతాలుకు అనేవాడు. "ఏమప్పా కోదండం, నీ మగ్గానికి ఆకలెక్కువ మాదిరుండాదే" అనేవాడు. నాయనకు అర్థమయ్యేది కాదు. ఊరికే తలూపేవాడు.

ఒక తెల్లవారుజామున పెదనాయన పావు వీధిలో సాగదీశారు. గంజి పూయడం సగంలో ఉంది. నాయన ఒక కుంచె, దొరసామి ఒక కుంచె. ఆ చివర పోగులు రెండు తెగాయి. అతకడానికి ఆలస్యమవుతోంది. ఎండ ఎక్కుతోంది, అందరికీ విసుగ్గా ఉంది. అప్పుడు దొరసామి వీధంతా వినేలా అన్నాడు.

"ఎంత బాగా దువ్వి ఏం లాభమప్పా? ఈ పావులో ఒక లుంగీ ఎట్లనూ ఏరు దాటి క్యాంపుకు నడిచిపోతాది గదా."

కుంచెలు ఆగిపోయాయి. నాయన మొహంలోకి చూశాను. ఆయనకు ఆ మాట మెల్లగా ఎక్కింది. "ఏమంటాండావు దొరసామీ?" అన్నాడు.

"నేనేమీ అన్లా. లెక్క అంటాండాది. నా మగ్గంలో పందొమ్మిది, నీ మగ్గంలో పద్దెనిమిది. ఆ ఒకటి యాడికి పోతాండాదో నువ్వే చెప్పు."

దొంగతనం చెయ్యలేదనడానికి కూడా ఒక ధీమా కావాలి. వచ్చినోళ్లకు అది ఉండదు. నాయన చేతిలో కుంచె నుంచి గంజి ఆయన పాదాల మీద చుక్కలు చుక్కలుగా పడుతోంది. నాకు లెక్క తెలుసు. నోరు తెరిస్తే నాయన దొంగ కాడని తేలుతుంది, అదే మాటతో ఆయన ఇంతకాలం ఇచ్చిందంతా ఇవ్వడం కాదనీ తేలుతుంది. పెద్దమ్మ గడపలోంచి నా వైపే చూస్తోంది. నేను పోగును పట్టుకుని అలాగే నిలబడ్డాను.

పెదనాయన ఆ చివర నుంచి నడిచొచ్చాడు. తొందరేమీ లేదు. దొరసామి ముందు నిలబడి తన లుంగీ విప్పి, మళ్లీ చుట్టుకుని, నడుం మీద చెయ్యేసుకున్నాడు.

"యాడికీ పోలా. నేనే ఒక గడి ఎక్కువ నెయ్యమన్నాను. పద్దెనిమిది గళ్లు నాకు చుట్టు రావడం లేదప్పా. నా నడుం చూడు, ఎట్ల పెరిగిపోయిందో."

ఎవరో ఆడమనిషి ఫక్కున నవ్వింది. ఆ పూచికపుల్ల నడుమును చూసి వీధంతా నవ్వింది. "పెండ్లాం వంట బాగుంటే అంతేనన్నా" అన్నారెవరో. "నా వంట మాట ఎత్తద్దండి" అని లోపల్నుంచి పెద్దమ్మ అరిచింది. దొరసామి కూడా నవ్వక తప్పలేదు. "సరి, నీ గుడ్డ, నీ నడుం. నాకేం" అని కుంచె గంజిలో ముంచాడు. పావు ఆరింది. పని అయింది. నాయన ఒక్కడే నవ్వలేదు. ఆయన పెదనాయన నడుమునే చూస్తున్నాడు.

ఆ సాయంత్రం నాయనా నేనూ ఏటి ఇసుకలో ఇంటికి నడిచాం. సగం దాటాక అడిగాడు.

"పుష్పా, పందొమ్మిది పద్దెనిమిదులు ఎంత?"

"మూడువందల నలభై రెండు నాయనా."

"పద్దెనిమిది పందొమ్మిదులో?"

"అంతే నాయనా."

ఆయన ఆగి, ఇసుకలో కాలి బొటనవేలితో ఒక గీత గీశాడు. దాని పక్కన ఇంకోటి గీశాడు. రెంటినీ చూసి, కాలితోనే చెరిపేశాడు. ఆ రాత్రి తినలేదు. అమ్మ అడిగితే ఆకలి లేదన్నాడు.

మర్నాడు మగ్గం దగ్గరికి వెళతాడో లేదోనని నేను బడి ఎగ్గొట్టి వెంటే నడిచాను. వెళ్లాడు. గుంటలో దిగాడు. ఆ రోజు నుంచి లుంగీకి పద్దెనిమిదే గళ్లు. పావు దిగితే పందొమ్మిది లుంగీలు. లెక్క సరిపోయింది, ఇల్లు మాత్రం సరిపోలేదు. నాయన పని మధ్యలో తలెత్తడం మానేశాడు. పెదనాయన ఎదురొస్తే పక్కకు ఒదిగిపోయేవాడు. మధ్యాహ్నం వాళ్లింట్లో పెట్టే మజ్జిగ వద్దనేవాడు. ఇంటికొస్తే అమ్మతో, "చిత్తూరు పక్క కట్టుబడి పనులుండాయంట, పోదుమా" అన్నాడు ఒకటి రెండుసార్లు. తీసుకున్నదే తప్ప ఇచ్చిందేమీ లేని చోట ఉండటం ఆయనకు చేతకాలేదు.

ఆ పావు లుంగీలన్నీ మడత పెడుతూ ఒకరోజు పెద్దమ్మ చెయ్యి ఆపింది. ఒకటి తీసి మగ్గం దగ్గరికి వచ్చి, నాయన ఒళ్లో పడేసింది.

"ఏమప్పా కోదండం, మా గడి యాడ?"

నాయన తలెత్తలేదు. "పద్దెనిమిది సరిగ్గా ఉండాయమ్మా."

"పద్దెనిమిది అందరూ ఇస్తారు. నేనడిగేది మాకు అలవాటైన గడి. నువ్వే అలవాటు చేసినావు. ఇప్పుడు ఇయ్యనంటే ఎట్ల?"

"అది మీ నూలేనమ్మా. మీదే మీకిచ్చినాను. తెలీక..."

"తెలీక ఇచ్చినావు. ఇప్పుడు తెలిసింది గదా, తెలిసి ఇయ్యి. ఎట్లిస్తావో అది నీ పని. నేత నేర్చినోడివి నువ్వు." అని వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లిపోయింది.

పెదనాయన వసారా చివర నూలు పిడులు లెక్కపెట్టుకుంటూ, ఏమీ వినబడనట్టే ఉన్నాడు.

నాయన ఆ లుంగీని విప్పి, గళ్ల మీద వేలు పెట్టి లెక్కపెట్టాడు. ఎవరైనా ఇచ్చింది తీసుకుంటారు, వద్దంటారు. ఇవ్వలేదేమని దబాయించి అడగడం, మమ్మల్ని, ఈ నేల మీద అదే మొదటిసారి.

ఆయన కనిపెట్టిన దారి ఇదీ. పావు చివర నాడె అందని కాస్త పొడవు మగ్గంలో ఉండిపోతుందని చెప్పాను కదా, అది కోసి పారేసేది. నాయన పావు చివరి కర్రకు అటూ ఇటూ తాళ్లు కట్టి పొడిగించాడు. పావు ఇంక అయిపోయిందనుకున్న చోట కర్ర తాళ్ల మీద వేలాడుతూ ఇంకా ముందుకు వచ్చింది. పోగులు వదులైపోతాయి, ప్రతి అడ్డపోగుకూ ఒక చేత్తో కర్రను బిగబట్టి, ఇంకో చేత్తో నాడె వెయ్యాలి. మామూలుగా పది గళ్లు నేసే సేపు ఆ ఒక్క గడికి పట్టింది. మెడ నరాలు ఉబ్బిపోయేవి. అయినా అర జాన గుడ్డ వచ్చింది. పారేసే నూలులోంచి, తన వొంటి బలంలోంచి. పావుకు పందొమ్మిది లుంగీలూ వచ్చాయి, కడపటిదానికి పందొమ్మిది గళ్లూ వచ్చాయి. దాన్ని నాయన స్వయంగా తీసుకెళ్లి పెద్దమ్మ చేతికిచ్చాడు. ఆమె మడిచింది. మడత వేలి మీద నిలవలేదు. "ఇప్పుడు సరిగ్గా ఉండాది" అంది.

పెదనాయన ఆ లుంగీని కట్టుకుని వీధంతా తిరిగాడు. నడుం చుట్టూ ఎక్కువైన మడతను దొరసామికి చూపించి, "చూసినావా, ఇంకా పెరిగినాను" అన్నాడు. ఆ రోజు నాయన నవ్వాడు. పడవ దిగినప్పటి నుంచి ఆయన పళ్లు నేను చూడటం అదే మొదటిసారి. తర్వాత మజ్జిగ కూడా తాగాడు. చిత్తూరు మాట ఎత్తలేదు. బతికినంతకాలం ప్రతి పావు చివరా ఆ ఒక్క గడి నేశాడు. కడపటి లుంగీలు ఆ ఇంట్లోనే ఉండిపోయాయి, ఒక్కటీ అమ్మలేదు.

నాయన పోయాడు. పెదనాయన పోయాడు. ఆ వీధిలో ఇప్పుడు చేతిమగ్గాలు తక్కువ. మరమగ్గాల మోత పగలంతా. వీధి మీద పావు సాగదీయడానికి ఇటు బైకులు, అటు ఆటోలు. క్యాంపులో రేకులు పోయి గట్టి కప్పులు వచ్చాయి. మా అమ్మ ఉండి ఉంటే ఎండ చిటపట వినబడక నిద్రపట్టేది కాదు. నా పిల్లలు ఇక్కడే పుట్టారు. వాళ్ల పిల్లలూ ఇక్కడే పుడతారు. పౌరులం ఎప్పుడవుతామో తెలియదు. అడుగుతూనే ఉన్నాం, చూస్తామంటూనే ఉన్నారు. కోపం లేదు నాకు. కోపానికి కూడా ఓపిక కావాలి. కట్టే ఇళ్లకు లెక్కలు చెప్పి చెప్పి, వేలూరులో ఏ వీధిలో నడిచినా నా లెక్కతో లేచిన గోడ ఒకటైనా ఎదురవుతుంది. వాటిలో దేన్నీ నాదనను. కానీ వాటికి ఇటుక తక్కువ పడకుండా చూసిన మనిషిని నేను. సభలో మమ్మల్ని ఏం పొందారో చెప్పమంటారు. మేం చెబుతాం. అది న్యాయమే. మీ గడి యాడ అని మాత్రం ఎవరూ అడగరు. ఇచ్చేవాళ్లుగా మమ్మల్ని దబాయించిన మనిషి ఒక్కతే. ఆమె ఇప్పుడు తుంటి విరిగి ఈ మంచం మీద ఉంది.

సాయంత్రం నర్సు వచ్చి చీటీ చూసి వెళ్లింది. పెద్దమ్మ కళ్లు తెరిచింది. నా వేలు లుంగీ మీద ఉండటం చూసింది.

"ఏం లెక్కపెడతాండావు?"

"గళ్లు పెద్దమ్మా."

"ఎన్నుండాయి?"

"పందొమ్మిది."

"ఉంటాయి. మా ఆయన లావు." నవ్వబోయి, నొప్పికి ఆగింది. నీళ్లు తాగించాను. కాసేపటికి మళ్లీ అంది, "రేపు వస్తావా?"

"రేపు రాలేను. క్యాంపులో తలల లెక్క. ఎల్లుండి వస్తాను."

ఆమె కళ్లు నా మీదే నిలిపింది. "ఇంకా లెక్కపెడతాండారా మిమ్మల్ని?"

"పెడతాండారు."

"ఇన్నేండ్లా? ఇంకా సరిపోలేదా వాళ్ల కణక్కు?"

సభ కుర్రవాడికి ఏం చెప్పాలో అప్పటికింకా తేలలేదు. ఒకవేళ వెళితే ఈ గుడ్డను పట్టుకుపోయి, బల్ల మీద పరిచి, ఇది మేం ఇచ్చింది, చూసుకోండి అనాలనిపించింది. పెద్దమ్మ ఇస్తుందా?

"పెద్దమ్మా, ఈ లుంగీ నాకు ఒక్కరోజు ఇస్తారా? తిరిగి తెచ్చిస్తాను."

"దేనికి?"

"నలుగురికి చూపించేదానికి."

ఆమె లుంగీ అంచును వేళ్ల మధ్య పెట్టి నలిపింది. ఆ వేళ్లు ఇంకా గుడ్డను చూడకుండానే చూస్తున్నాయి. "ఇస్తానులే. నాయన గుడ్డ, బిడ్డకివ్వనా?" అంది. తర్వాత కళ్లు మూసుకుని, "ముందు ఇంకోసారి లెక్కపెట్టు. తగ్గించి తెస్తే ఊరుకోను" అంది.

ఈసారి అవతలి అంచు నుంచి మొదలుపెట్టాను.